బాలి ద్వీపపు పల్లె గురించి రాయడం ఎలా

సముద్రపు ఒడ్డు, గుడి గోపురం, కోతుల అడవి, హోటలు భోజనం గురించి రాసినంత మాత్రాన పల్లె గురించి రాసినట్లు కాదు. ఎవరి పొలం మీదుగా ఎవరి పొలానికి నీరు పోతుందో, ఏ పనికి ఎవరు రావాలో, రానివారికి ఏమి జరుగుతుందో, తగవు వస్తే ఎవరి మాట చెల్లుతుందో చదివేవారికి తెలిసేలా చెప్పినప్పుడే అది పల్లె పరిచయం అవుతుంది. ఇండోనేషియాలోని బాలి ద్వీపానికి వెళ్లి అక్కడి పల్లె గురించి రాయాలనుకునే, ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తెలుగువారిని ఉద్దేశించి ఈ సూచనలు ఇస్తున్నాను. వరి, కాలువ, చెరువు, గ్రామదేవత మనకు నిత్యం తెలిసినవే కాబట్టి, నగరాలనుంచి వెళ్లేవారికి తట్టని ప్రశ్నలు మనకు తట్టాలి.

ప్రయాణానికి ముందే దగ్గరి ఊరిలో ఒక కసరత్తు చేయాలి. ఋషికుల్య కాలువ కింది ఊరైనా, గజపతి జిల్లాలో చెరువు కింది ఊరైనా సరే, నాట్ల కాలంలో తూము దగ్గర మొదలుపెట్టి శివారు ఆయకట్టు వరకు గట్ల వెంట నడవండి. తూము దగ్గరి రైతును అడిగితే నీటికి లోటు లేదంటాడు. శివారు రైతును అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. తూము పలకలు ఎత్తేది ఎవరు, రాత్రిపూట ఎవరైనా గట్టుకు గండి కొడితే పంచాయితీ ఎక్కడ జరుగుతుంది, పూడిక తీయడానికి ఇంటికొక మనిషి వస్తున్నాడా లేక డబ్బు వసూలు చేసి కూలీలను పెడుతున్నారా, 2002 నాటి ఒడిశా పానీ పంచాయతీ చట్టం కింద ఏర్పడిన సంఘం నిజంగా కూర్చుంటోందా లేక కాగితం మీదే ఉందా అని అడిగి, జవాబులు నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ ప్రశ్నల పట్టికనే బాలికి తీసుకువెళ్లండి. అక్కడికి వెళ్లాక తీరిగ్గా ఆలోచిద్దామనుకుంటే, గైడు చెప్పిన కథలే వ్యాసంలో మిగులుతాయి.

పల్లె ఎంపికలో తొందర వద్దు. ఉదాహరణకు తబనన్ జిల్లా పెనెబెల్ మండలంలోని జతిలువిహ్‌ను తీసుకోవచ్చు. 2,276 మీటర్ల ఎత్తున్న బతుకరు కొండ వాలున, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో, మెట్లుమెట్లుగా దిగే వరి మడుల మధ్య ఆ ఊరు ఉంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన బాలి సాగునీటి సీమలో అది ఒక భాగం. సందర్శకులు టికెట్టు కొని లోపలికి వెళ్లే ఊరు కావడంతో అక్కడి మనుషులు ప్రశ్నలకు అలవాటుపడి, తయారుగా ఉన్న జవాబులు ఇస్తారన్న ఇబ్బంది ఉన్నది. అందువల్ల జతిలువిహ్‌ను చూసి పద్ధతి తెలుసుకొని, అదే కొండ వాలున సందర్శకులు ఆగని మరొక ఊరిలో నాలుగు రోజులు ఉండి రాయడం మేలని నేను చెబుతాను.

ఊరిలో మొదట చూడవలసింది నీటిని పంచే చోటు. పిల్లకాలువకు అడ్డంగా చెక్క దుంగను పెట్టి, దాని మీద వెడల్పు కొలిచి గాళ్లు చెక్కుతారు. దానిని తెంబుకు అంటారు. గాళ్లన్నీ ఒకే మట్టంలో ఉంటాయి, వెడల్పులు మాత్రం వేరు. ఎంత వెడల్పు గాడికి అంత వాటా నీరు పగలూ రాత్రీ దానంతటదే పారుతూ ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా వంతులవారీగా, ఇన్ని గంటలు ఈ కాలువకు, ఇన్ని గంటలు ఆ కాలువకు అని తూము తెరిచి మూస్తారు. అక్కడ నీటిని గంటలతో కాక వెడల్పుతో పంచుతున్నారు. కాలువలో నీరు తగ్గితే అందరి వాటా ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. ఎవరైనా గాడిని కొంచెం వెడల్పు చేసినా, గాడిలో రాయి పెట్టినా, దారిన పోయేవారి కంటికి పట్టుబడతారు. ఆ దుంగ దగ్గర కాసేపు కూర్చుని గాళ్లు లెక్కపెట్టి, ఏ గాడి నీరు ఎవరి మడులకు పోతుందో బొమ్మ గీసుకుంటే వ్యాసంలో సగం పని పూర్తయినట్లే.

ఈ నీటిని నడిపించే రైతు సంఘం పేరు సుబక్, దాని పెద్ద పెకసెహ్. ఇక్కడే చాలామంది పొరబడతారు: సుబక్‌ను ఊరిలో ఒక కమిటీ అనుకుంటారు. సుబక్ హద్దు నీటి హద్దు, ఊరి హద్దు కాదు. ఒకే మళ్లింపు కాలువ కింద పొలం ఉన్నవారు ఏ ఊరివారైనా ఒకే సుబక్ సభ్యులు. ఒకే ఇంటి రైతుకు రెండు మూడు చోట్ల పొలాలుంటే రెండు మూడు సుబక్‌లలో సభ్యత్వం ఉండవచ్చు. కాబట్టి ‘ఈ ఊరి సుబక్’ అని రాసేముందు, ఆ సుబక్‌లో పక్క ఊరి రైతులు ఎందరున్నారో తప్పక అడగాలి.

ఎగువ రైతు దిగువ రైతుకు నీరు ఎందుకు వదులుతాడన్నది ఈ వ్యాసానికి గుండెకాయ వంటి ప్రశ్న. దేవుడి భయం, ధర్మబుద్ధి అని జవాబు చెప్పి వదిలేయడం సులువే కాని, అది చాలదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్ బాలి నీటి గుళ్ల మీద చేసిన పరిశోధన మరొక కారణాన్ని ముందుకు తెచ్చింది. పక్కపక్క సుబక్‌లు ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి పొలాలు ఖాళీగా ఉంచితే పురుగులకు తిండి దొరకక అవి తగ్గిపోతాయి; ఎవరికి వారు నాటుకుంటే పురుగు ఒక మడినుంచి మరొక మడికి మారుతూ ఏడాది పొడుగునా బతుకుతుంది. ఎగువవాడికి నీటి దిగులు లేకపోయినా పురుగు దిగులు ఉంది, దిగువవాడికి నీటి దిగులు ఉంది. అందుకే ఇద్దరూ ఒక నాట్ల ప్రణాళికకు కట్టుబడతారు. ఆ ప్రణాళికను కుదిర్చే చోటు నీటి గుడి. 1970ల హరిత విప్లవ కాలంలో గుడి పంచాంగాన్ని పక్కనపెట్టి, త్వరగా పండే కొత్త వంగడాలను వీలైనన్నిసార్లు వేయమని ప్రభుత్వం ప్రోత్సహించినప్పుడు సుడిదోమ, తెగుళ్లు విరుచుకుపడ్డాయి. సుడిదోమకు చేను తగలబడినట్లు ఎండిపోవడం ఎలా ఉంటుందో గంజాం రైతుకు చెప్పనక్కరలేదు, కాని మీ వ్యాసం చదివే పట్నవాసికి చెప్పాలి.

పంట గురించి అడిగేటప్పుడు ఏ వరి అని విడిగా అడగండి. జతిలువిహ్ పరిసరాలలో ఎర్ర బియ్యంతో సహా ఎక్కువ కాలం తీసుకునే పాత స్థానిక రకాలను ఇంకా పండిస్తున్నారు. పొడుగ్గా పెరిగే ఆ వరిని కొడవలితో కాక, అరచేతిలో ఇమిడిపోయే ఆని-ఆని అనే చిన్న కత్తితో వెన్ను వెన్నుగా కోయడం పాత పద్ధతి. వేళ్ల సందున కత్తి కనబడకుండా పట్టుకుంటే ధాన్యలక్ష్మి అయిన దేవి శ్రీ బెదరదని పెద్దలు చెబుతారు. వీలైతే ఆ కత్తిని చేత్తో పట్టుకొని, దాని పిడి ఎలా ఉందో, కోసే అంచు ఎంత ఉందో చూసి రాయండి. ‘సంప్రదాయ పరికరాలు’ అన్న మాట మాత్రం రాయవద్దు.

నీటి తరువాత అధికారం. బాలి పల్లెలో రెండు వ్యవస్థలు పక్కపక్కన నడుస్తాయి. ప్రభుత్వ వ్యవహారాలకు, అంటే ధ్రువపత్రాలు, రోడ్లు, 2014 నాటి 6వ నంబరు గ్రామ చట్టం కింద వచ్చే నిధులు మొదలైనవాటికి దేసా దినస్ ఉంటుంది. దాని పెద్దను పెర్బెకెల్ అంటారు. గుళ్లు, శ్మశానం, ఆచారం, ఊరి కట్టుబాట్లు దేసా అదత్ చేతిలో, దాని పెద్ద బెందెసా చేతిలో ఉంటాయి. కట్టుబాట్లను అవిగ్-అవిగ్ పేరుతో రాసి పెట్టుకుంటారు. రెండింటి హద్దులు అన్నిచోట్లా ఒకటి కావు. వీటికి దిగువన బంజార్ అనే వాడకట్టు సంఘం ఉన్నది. ఊరివారి రోజువారీ బతుకు నిజానికి నడిచేది అక్కడే. సాధారణంగా పెళ్లయిన జంట అందులో పూర్తి సభ్యులవుతుంది. చావు, పెళ్లి, గుడి ఉత్సవం వంటి పనులకు మనిషి సాయం బంజార్ ద్వారానే కదులుతుంది. తొలిచిన మానుతో చేసిన కుల్‌కుల్‌ను మోగిస్తే ఏ మోతకు ఏమి అర్థమో అందరికీ తెలుసు. పనికి రానివారికి జరిమానా ఎంత, వరుసగా రానివారిని ఏమి చేస్తారు, వెలివేసిన సందర్భాలు ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడవద్దు, కాని ఆ ప్రశ్న మొదటి రోజు వేయవద్దు.

పెకసెహ్‌ను, పెర్బెకెల్‌ను, బెందెసాను విడివిడిగా కలవాలి. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెడితే మర్యాద మాటలే వినబడతాయి. పెద్ద మగవారిని ‘పాక్’ అని, ఆడవారిని ‘ఇబు’ అని పిలవడం గౌరవం. బాలి భాషలో ఎదుటివారి స్థాయిని బట్టి మాటలే మారిపోతాయి కాబట్టి, కొత్తవారు ఇండోనేషియా భాషలో మాట్లాడడమే క్షేమం. వయాన్, మదే, న్యోమాన్, కెతుత్ అనే పేర్లు పుట్టిన వరుసను బట్టి పెట్టేవి; అయిదో బిడ్డకు మళ్లీ మొదటి పేరే వస్తుంది. ఒక వీధిలోనే పది మంది వయాన్‌లు ఉండవచ్చు కాబట్టి, నోటుపుస్తకంలో పేరు పక్కన బంజార్, ఇల్లు, చేసే పని రాసుకోకపోతే ఇంటికి వచ్చాక ఎవరు ఏమి చెప్పారో తేలదు.

ఇంటి వర్ణనకు దిక్కుల లెక్క ముందు తెలుసుకోవాలి. అక్కడ ముఖ్యమైన దిక్కులు కొండ వైపు, సముద్రం వైపు. కొండ వైపు, సూర్యుడు ఉదయించే వైపు కలిసే మూలలో ఇంటి గుళ్లు ఉంటాయి, వంటిల్లు సముద్రం వైపు ఉంటుంది. దక్షిణ బాలిలో ఆ పవిత్రమైన మూల మన ఈశాన్యమే అవుతుంది. దానిని చూసి వాస్తు అంటే ఇదేనని రాసేయాలనిపిస్తుంది. ద్వీపం ఉత్తరపు ఒడ్డుకు వెళితే కొండ దక్షిణాన ఉంటుంది, లెక్క తిరగబడుతుంది. కొండ ఏ వైపు ఉందో చెప్పకుండా ఇంటి పటం గీయకండి.

పండుగల మీద అధ్యాయాలు రాయనక్కరలేదు, తేదీల మీద మాత్రం జాగ్రత్త ఉండాలి. గలుంగాన్ పండుగ 210 రోజులకొకసారి వస్తుంది కాబట్టి ఇంగ్లీషు నెలతో దానికి సంబంధం లేదు. న్యెపి శక సంవత్సరారంభం. ఆ రోజు ఎవరూ బయటికి రారు, దీపం వెలిగించరు, విమానాశ్రయం కూడా మూస్తారు. 2023లో అది, మన ఉగాది ఒకే రోజు, మార్చి 22న వచ్చాయి. దానిని బట్టి రెండూ ఎప్పుడూ కలుస్తాయని రాస్తే తప్పు: 2024లో న్యెపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చాయి. గుడిలోకి పోయేటప్పుడు నడుముకు వస్త్రం, పట్టీ కట్టుకోవాలి. మైలలో ఉన్నవారు, నెలసరిలో ఉన్న స్త్రీలు లోపలికి పోరాదన్న నియమం ఉన్నది.

అంకెలకు ప్రభుత్వ గణాంక సంస్థ ప్రతి మండలానికీ ఏటా వెలువరించే పుస్తకాన్ని చూడండి. మన జిల్లా జనాభా లెక్కల చేతిపుస్తకం వలె అందులో ఊళ్లవారీ వివరాలు ఉంటాయి. రైతులు భూమిని ‘ఆర్’లలో చెబుతారు. ఒక ఆర్ 100 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2.47 సెంట్లు; ఒడిశా రికార్డులలోని డిసిమల్, సెంటు ఒకటే. 30 ఆర్ల రైతు అంటే మన లెక్కలో ముప్పాతిక ఎకరం ఉన్న రైతన్నమాట. ఈ మార్పు చేసి చూపకపోతే అంత అందమైన మడులున్న రైతు కొడుకు బాలి రాజధాని దెన్‌పసార్‌లో హోటలు పనికి ఎందుకు పోయాడో పాఠకునికి అర్థం కాదు. గంజాంనుంచి సూరత్ మగ్గాలకు పోయిన కుర్రవాళ్ల గురించి మనం అడిగే ప్రశ్నలే అక్కడా అడగాలి: పండుగకు ఎవరు వస్తున్నారు, రాలేనివారు బంజార్‌కు బదులుగా ఏమి కడుతున్నారు, పొలం ఎవరు చేస్తున్నారు.

మన జిల్లాలవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. కార్తీక పున్నమి నాడు అరటి దొప్పల పడవలు వదిలే మనకు, కళింగ వర్తకులతో వ్యాసం మొదలుపెట్టి, అక్కడ కనబడే ప్రతి ఆచారమూ ఇక్కడినుంచి వెళ్లినదేనని రాయాలన్న కోరిక సహజం. పాత వర్తక సంబంధం నిజమే. కాని తెంబుకు దుంగను ఎవరూ గంజాం తీరంలోని పాత పాలూరు రేవునుంచి పంపలేదు. దానిని చెక్కినవారు అక్కడి రైతులు. ఆ ప్రస్తావన పెట్టి తీరాలనుకుంటే ఒక వాక్యంలో ముగించండి.

అలాగే 1965 చివరనుంచి 1966 మొదటి నెలల వరకు కమ్యూనిస్టులన్న పేరుతో బాలి పల్లెలలో జరిగిన హత్యాకాండ గురించి ముందే చదివి వెళ్లాలి, ఎవరినీ తరచి అడగరాదు. పెద్దవారు తమంతట తాముగా చెబితే వినండి. వారు వద్దంటే రాయకండి, సరేనంటే రాసినా ఊరిని గుర్తుపట్టే ఆనవాళ్లు తీసేయండి.

రాసేటప్పుడు నీరు వచ్చే క్రమంలోనే రాయాలి: కొండ మీది గుడి, మళ్లింపు, తెంబుకు, మడులు, ఆ మడుల వారి ఇళ్లు, ఆ ఇళ్ల బంజార్. ఊరి జనాభా, చేరే దారి, బస సంగతులు చివర ఒక పేరాలో ఇస్తే చాలు. రాతప్రతిలోని నీటి పటాన్ని, నాట్ల తేదీలను పెకసెహ్‌కు ఫోనులో పంపి సరిచూపించుకోండి. ఎగువ రైతు చెప్పిన వాటాను దిగువ రైతు కాదంటే ఇద్దరి మాటా అచ్చువేయండి.