బరోక్ సంగీతం వినడం నేర్చుకుందాం – 5వ పాఠం: ఫ్యూగ్‌లో మూడు గొంతులు

పోయిన పాఠంలో వివాల్డి కన్చెర్టోల్లో (సోలో వాద్యం, బృందం కలిసి వాయించే రచనలు) రిటర్నెల్లో అనే వరస ఎక్కడెక్కడ తిరిగొస్తుందో పట్టుకున్నాం. బృందమంతా ఒక్కసారి అందుకుంటే రిటర్నెల్లో, ఒక్క వయొలినే మిగిలితే సోలో. అక్కడ చెవికి దారి చూపే గుర్తులున్నాయి. ఫ్యూగ్ అంటే ఒకే వరసను ఒక గొంతు తర్వాత ఇంకో గొంతు అందుకునే రచన. ఈ పాఠంలో మనం వినే ఫ్యూగ్‌లో అలాంటి గుర్తులు ఉండవు. ఒకే మనిషి, ఒకే వాద్యం, రెండు చేతులు. ఆ రెండు చేతుల్లోంచి మూడు గొంతులు, అంటే ఒకేసారి నడిచే మూడు వరసలు, వినిపిస్తుంటాయి. ఏ గొంతు ఎప్పుడు పాట ఎత్తుకుందో కనిపెట్టడమే ఈ పాఠంలో మన పని.

ఫ్యూగ్‌ను జర్మన్ స్వరకర్త బాఖ్ కనిపెట్టలేదు. ఆయనకంటే ముందే ఇటలీలో ఫ్రెస్కోబాల్డి, ఆమ్‌స్టర్‌డామ్‌లో స్వీలింక్, ల్యూబెక్‌లో బుక్స్‌టెహుడె ఆ దారి వేశారు. బుక్స్‌టెహుడె ఆర్గన్ వినాలని 1705లో ఇరవయ్యేళ్ల బాఖ్ ఆర్న్‌స్టాట్ నుంచి ల్యూబెక్‌కి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లాడు. వినడం అంటే ఆయనకు అంత ముఖ్యం.

మనం తీసుకునేది 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే మీటల వాద్య రచనల సంపుటి మొదటి భాగంలోని రెండో ఫ్యూగ్, సి మైనర్. 1722లో కోతెన్‌లో ఉండగా బాఖ్ ఈ సంపుటి సిద్ధం చేశాడు. నేర్చుకోవాలనే కోరిక ఉన్న యువతకు ఉపయోగపడాలని ముఖపత్రం మీదే రాసుకున్నాడు. మొత్తం 31 బార్లు (బార్ అంటే మన తాళావర్తనం లాంటి కొలత), వాయిస్తే ఒకటిన్నర నిమిషం, అంతే.

ముందు సబ్జెక్ట్, అంటే గొంతులన్నీ అందుకునే ఆ మూల వరస, నోటికి రావాలి. సి (C) స్వరాన్ని షడ్జమం అనుకుంటే దీని స్వరాలు మన కీరవాణి స్వరాలే. తార షడ్జమం నుంచి ఎత్తుకోండి:

స ని స ప ద – స ని స రి ప – స ని స రి మ ప ద ప మ గ

'స ని' చకచకా పలకాలి, తర్వాతి 'స ప ద' దానికి రెట్టింపు నిదానం. 'స రి'లో రిషభం పైది, ఆ వెంటనే వచ్చే ప కిందిది; ఆ దూకుడు దగ్గర జాగ్రత్త. చివర్లో వచ్చే 'ద' మీద కాస్త నిలవండి. ఎత్తుగడ సమంలో పడదు, తాళం పడ్డాక అర దెబ్బ ఆగి మొదలవుతుంది. మనవాళ్లు అనాగతం అనేది దీన్నే. గమకాలు వద్దు, స్వరం ఉన్నచోట ఉన్నట్టు పలికితే చాలు. చూడకుండా పాడగలిగేదాకా రికార్డింగ్ పెట్టకండి. ఈ మాట మీద నేను పట్టుబడతాను, ఎందుకంటే నోటికి రాని వరసను చెవి వెతకలేదు.

ఇప్పుడు వినండి. మధ్య గొంతు ఒంటరిగా సబ్జెక్ట్ పాడుతుంది. రెండు బార్లు అయ్యాక పై గొంతు అదే వరసను పంచమం నుంచి అందుకుంటుంది. దీన్ని ఆన్సర్ అంటారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. సబ్జెక్ట్ 'స ని స ప' అంది కదా, దాన్ని ఉన్నదున్నట్టు పంచమానికి మారిస్తే 'ప మ ప రి' రావాలి (ఆ మ ప్రతిమధ్యమం). బాఖ్ రాసింది 'ప మ ప స'. అక్కడ స నుంచి ప కి దిగితే, ఇక్కడ ప నుంచి స కి దిగాడు. ఒకే ఒక్క స్వరం మార్చి ప్రశ్నకు జవాబు కుదిర్చాడు. నాకు ఈ ఫ్యూగ్ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

పై గొంతు పాడుతుంటే మధ్య గొంతు ఊరుకోదు, గబగబా మెట్లు దిగినట్టు ఒక వరస వేస్తుంది. అది కౌంటర్ సబ్జెక్ట్. మూడో గొంతు కోసం రెండు బార్లు ఓపిక పట్టండి. ఏడో బార్‌లో ఎడమ చేతి కింద, మంద్రంలో సబ్జెక్ట్ దిగుతుంది. చాలామంది ఇక్కడే తప్పిపోతారు, చెవి పై గొంతుకు అలవాటు పడి ఉంటుంది కాబట్టి. అందుకే రెండోసారి వినేటప్పుడు పైదాన్ని పూర్తిగా వదిలేసి బేస్ (అన్నిటికంటే కింది గొంతు) వెంటే నడవండి.

ఆ తర్వాత పూర్తి సబ్జెక్ట్ వినిపించని ఖాళీలు వస్తాయి, అవి ఎపిసోడ్లు. మొదటి ఎపిసోడ్‌లో పై గొంతులు రెండూ 'స ని స ప ద' అనే ఐదు స్వరాల ముక్కను ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటాయి. మోసపోకండి, ముక్క వినిపిస్తే సబ్జెక్ట్ వచ్చినట్టు కాదు. పూర్తి వరస వస్తేనే లెక్క. పదకొండో బార్‌లో గాంధారమే కొత్త షడ్జమమై, సబ్జెక్ట్ శంకరాభరణం స్వరాల్లో పలుకుతుంది. ఆ వెలుగు ఇట్టే తెలుస్తుంది.

అభ్యాసం: కాగితం మీద గొంతుకొక గీత చొప్పున మూడు గీతలు గీయండి. పూర్తి సబ్జెక్ట్ గానీ ఆన్సర్ గానీ వినిపించినప్పుడల్లా ఆ గొంతు గీత మీద చుక్క పెట్టండి. చివరికి ఎనిమిది చుక్కలు రావాలి: పైన నాలుగు, మధ్యలో రెండు, కింద రెండు. మొదట పియానో రికార్డింగ్ తీసుకోండి, వాయించేవాళ్లు సబ్జెక్ట్‌ను కాస్త గట్టిగా పలికిస్తారు. ఎనిమిదీ దొరికాక హార్ప్సికార్డ్‌కి (పియానోకంటే పాత మీటల వాద్యం) మారండి. దాని మీట ఎంత బలంగా నొక్కినా శబ్దం పెద్దగా మారదు, కాబట్టి ఇక మీ చెవే ఆధారం.

ఎనిమిదో చుక్క చివరి మూడు బార్లలో, పై గొంతులో పడుతుంది. కింద షడ్జమం శ్రుతిలా నిలిచి మోగుతుంటుంది. సబ్జెక్ట్ చివరి స్వరం గ దగ్గర చెవి పెట్టండి. ఇందాక మనం పాడుకున్నది సాధారణ గాంధారం. బాఖ్ ఈసారి అంతర గాంధారం వేశాడు.

వచ్చే పాఠం: కింద ఒకే బేస్ వరస మళ్లీ మళ్లీ తిరిగే పస్సకాల్యా.