బానిష్డ్ పాఠాలు – 4: ఇల్లు కట్టడమంటే పెళ్ళి చేయడమే

బానిష్డ్ అంటే ఒక ఊరు కట్టి, అందులోని జనాన్ని బతికించుకునే కంప్యూటర్ ఆట. ఈ పాఠంలో ఆ ఆటలో సరుకు మార్పిడికి వచ్చే వ్యాపారి పడవ గురించి చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి వాయిదా పడుతోంది. మూడో పాఠం చివర "తిండి నిలకడగా వస్తుంటే ఇళ్ళు మొదలుపెట్టండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఎన్ని కట్టాలో, ఎంత ఎడం ఇవ్వాలో రాయలేదు. ఆ లోటు ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది. గునుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి వచ్చిన సందేహాలు పది రకాల మాటల్లో ఉన్నా జబ్బు ఒక్కటే: "మాస్టారూ, గాదెలో తిండి ఉంది, కట్టెలున్నాయి, రోగం లేదు. పదిహేనో ఏడు దాటాక జనం వరసపెట్టి రాలిపోతున్నారు. పిల్లలు పుట్టడం లేదు."

ఒడియా బడిలో చదివి తెలుగు ఇంట్లో నేర్చుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందుకే ఆట తెర మీద కనిపించే మాటలను అలాగే తెలుగు లిపిలో రాస్తున్నాను. స్టోరేజ్ బార్న్ అన్నచోట గాదె అనుకోండి, గ్యాదరర్ అన్నచోట అడవి సరుకు ఏరేవాళ్ళు అనుకోండి. బాటలు వేయడం, పనివాళ్ళను కేటాయించడం మళ్ళీ చెప్పను, అవి చేతికి వచ్చే ఉంటాయి.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అంటారు పెద్దలు. బయట అవి రెండు పనులు. బానిష్డ్‌లో రెండూ ఒకటే. ఈ ఆటలో పెళ్ళి చేయడానికి బటన్ ఎక్కడా లేదు. ఖాళీ ఇల్లు ఒకటి కనిపిస్తే, అమ్మానాన్నల ఇంట్లో ఉన్న ఒక అబ్బాయి, ఇంకో ఇంట్లో ఉన్న ఒక అమ్మాయి అందులోకి వచ్చి కాపురం పెడతారు. తర్వాత పిల్లలు. ఖాళీ ఇల్లు లేకపోతే ఎంత వయసు వచ్చినా కన్నవాళ్ళ ఇంట్లోనే ఉండిపోతారు. వాళ్ళకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. మీరు ఇల్లు కట్టే రోజే ముహూర్తం పెట్టే రోజు. ఎన్ని ఇళ్ళు కడితే అన్ని ముహూర్తాలు.

రెండో సంగతి వయసు. ఆటలో ఒక ఏడాది గడిస్తే మనుషులకు సుమారు ఐదేళ్ళు పైబడతాయి. బడి లేని ఊళ్ళో పిల్ల పదేళ్ళకే పనిలోకి వస్తుంది, అంటే ఆట లెక్కలో రెండేళ్ళకు. బడి ఉంటే పదహారు దాకా చదువు, అంటే ఇంకో ఏడాది పైచిలుకు. ఆడవాళ్ళకు నలభై దగ్గర పడ్డాక కాన్పులు ఆగిపోతాయి. ఈ మూడు అంకెలు పక్కన పెట్టుకుని మీ ఊరు ఎలా పోయిందో చూద్దాం.

మూడో ఏడు. తిండి బాగుందని ఒకేసారి 12 ఇళ్ళు కట్టారు. చెక్క ఇంటికి 16 దుంగలు, 8 రాళ్ళు, కాబట్టి మొత్తం 192 దుంగలు, 96 రాళ్ళు. దీనికే అడవి సగం బోడిగుండు అయి ఉంటుంది, అది వేరే బాధ. ఇరవై ఏళ్ళ జంటలు 12 కాపురం పెట్టాయి. ఆరో ఏటికి ఇంటికి ముగ్గురు పిల్లలు అనుకుంటే 36 మంది. మనిషికి ఏడాదికి సుమారు 100 తిండి కావాలి. పని చేయని ఆ 36 నోళ్ళకే ఏటా 3600. ఇక్కడే కొందరి ఊళ్ళు పోయాయి. అది ఆకలి చావు, కారణం కళ్ళకు కనిపిస్తుంది.

దాన్ని దాటినవాళ్ళే అసలు మోసపోయారు. ఎనిమిది, తొమ్మిది ఏళ్ళకు ఆ పిల్లలంతా పనిలోకి వచ్చారు. పొలాలు నిండాయి, గాదెలు నిండాయి, ఊరు కళకళలాడింది. ఆ కళలోనే ఊరి పునాది పుచ్చిపోతోంది. ఏడో ఏటికే తల్లులకు నలభై వచ్చాయి, కాన్పులు ఆగాయి. ఎదిగిన పిల్లలకు ఖాళీ ఇల్లు లేదు. ఊళ్ళో ఉయ్యాల ఊగడం ఆగిపోయింది. పన్నెండో ఏటికి ఆ "పిల్లలకు" ముప్పై నుంచి నలభై అయిదు. పద్నాలుగు, పదిహేనో ఏళ్ళలో పెద్దవాళ్ళు డెబ్బై దాటి ఒక్కొక్కరే పోతారు, ఇళ్ళు పిల్లల పేరున మిగులుతాయి. అప్పటికి ఆ పిల్లల్లో చాలామందికి కాన్పుల వయసు దాటిపోయింది. ఒక తరం మొత్తం పుట్టకుండా పోయింది. ఆ తర్వాత మీరేం చేసినా ఊరు ముసలిదై ముగుస్తుంది. తిండికీ దీనికీ సంబంధం లేదు. గాదె నిండా బీన్స్ ఉండగానే ఊరు పోవచ్చు.

నాకు నిజంగా బాధ కలిగించే పొరపాటు ఒకటుంది. జనాభా తగ్గడం మొదలవగానే "కొత్త ఇళ్ళెందుకు, ఉన్నవే ఖాళీ అవుతాయిగా" అని ఇళ్ళు కట్టడం ఆపేస్తున్నారు. దయచేసి ఇలా చేయకండి. పైపైన చూస్తే న్యాయంగానే ఉంటుంది. కానీ ఒక ఇంటి మీద నొక్కి చూడండి. అందులో ఉన్నవాళ్ళ పేర్లు, వయసులు, పనులు కనిపిస్తాయి. 71 ఏళ్ళ ముసలమ్మ ఒక్కతే ఉంది. పక్కింటి మీద నొక్కండి: 64, 62 ఏళ్ళ దంపతులు, వాళ్ళతో 33 ఏళ్ళ కొడుకు. ఆ తర్వాతి ఇంట్లో 66 ఏళ్ళ తండ్రి, 31 ఏళ్ళ కూతురు. మూడిళ్ళు, ఆరుగురు, ఒక్క పసిబిడ్డ లేదు. లెక్కకు ఇళ్ళు చాలా ఉన్నట్టే, కాపురానికి ఒక్కటీ లేదు. ఆ 33 ఏళ్ళవాడికీ, 31 ఏళ్ళ అమ్మాయికీ ఈరోజే ఒక ఇల్లు కడితే ఆట లెక్కలో ఇంకో ఏడాదిన్నర, రెండేళ్ళ గడువుంది. ముసలమ్మ పోయేదాకా ఆగితే ఆ గడువు ముగిసిపోతుంది. పిల్లలు పుట్టడం ఆగినప్పుడు కట్టాల్సింది ఇళ్ళే. పిల్లలు ఎక్కువై తిండి చాలనప్పుడు తగ్గించాల్సింది ఇళ్ళే. చాలామంది ఈ రెండూ తారుమారు చేస్తున్నారు. జనాభా అంకె చూసి నిర్ణయం తీసుకోకండి, ఇళ్ళ మీద నొక్కి వయసులు చూడండి. పది ఇళ్ళు చూడడానికి రెండు నిమిషాలు చాలు. పాజ్ నొక్కి చూస్తే అదీ ఖర్చు కాదు.

ఇక ఎన్ని కట్టాలి? నా పద్ధతి చెబుతాను, ఇదొక్కటే సరైనదని అనను. మీడియం కష్టస్థాయిలో మొదలుపెడితే 5 కుటుంబాలు వస్తాయి. మొదటి చలికాలం లోపు 5 ఇళ్ళు తప్పవు, లేకపోతే చలికి పోతారు. రెండో ఏడు ఇల్లు ఊసే వద్దు, గ్యాదరర్ హట్, ఫారెస్టర్ లాడ్జ్ (చెట్లు నాటి, నరికేవాళ్ళ చోటు) నిలబెట్టండి. మూడో ఏటి నుంచి ఏటికి ఒక్క ఇల్లు. జనం 40 దాటాక ఏటికి రెండు. 80 దాటాక ఉన్న ఇళ్ళలో పదో వంతు చొప్పున. ఒక ఏడు పంట పోయినా ఈ వరస పూర్తిగా ఆపకండి, రెండుకు బదులు ఒకటైనా కట్టండి. ఏ ఏడూ కాన్పు లేకుండా పోకూడదు, నా పట్టుదల అంతే.

ఒక దగ్గరి దారి ఉంది. నాలుగైదు ఇళ్ళకు ఒకేసారి స్థలం గుర్తు పెట్టి, ఒక్కోదాని మీద నొక్కి పాజ్ చేసి ఉంచండి. కొత్త జంట అవసరమైనప్పుడు ఒకదాని పాజ్ తీస్తే సరి. స్థలం వెతికే పని ఉండదు, బాట వంకర పోదు.

కట్టే ముందు తిండి లెక్క. ఇందులోనూ తప్పు జరుగుతోంది. కోత అయిన వెంటనే, ఆటమ్ చివర గాదె చూసి "వేలల్లో ఉంది" అని ఇళ్ళు మొదలుపెడుతున్నారు. కోత కాలంలో ఎవరి గాదె అయినా నిండుగానే ఉంటుంది. మన కొండ వైపు ఊళ్ళలో తిండి ఉందో లేదో తెలిసేది సంక్రాంతికి కాదు. ఆషాఢ, శ్రావణాల్లో చోళ్ళు అడుగంటి, కొన్ని ఇళ్ళలో మామిడి టెంక పిండితో జావ కాచుకునే రోజుల్లో తెలుస్తుంది. ఆటలోనూ అంతే. లేట్ సమ్మర్‌లో, కోతకు ముందు గాదె చూడండి. అప్పుడు మనిషికి 50 చొప్పున మిగిలి ఉంటే పైన చెప్పిన వరస ప్రకారం ఇళ్ళు కట్టవచ్చు. 42 మంది ఉంటే 2100. అంతకన్నా తక్కువైతే ఆ ఏడు ఒక్క కొత్త ఇంటితో సరిపెట్టండి. కొత్త ఇంటివాళ్ళు తిండీ కట్టెలూ ఇంటికి మోసుకెళ్ళి దాచుకుంటారు కాబట్టి ఇల్లు తెరిచిన వెంటనే గాదె అంకె దిగుతుంది. అది చూసి కంగారు పడకండి.

తిండి తగ్గినప్పుడు పొలాలు పెంచితే ఆ ఏడు ఉపయోగం లేదు. విత్తేది వసంతంలో, కోసేది ఆటమ్‌లో, మధ్యలో చలి ముందే పడితే అదీ పోతుంది. అప్పుడు చేపలవాళ్ళను, వేటవాళ్ళను, గ్యాదరర్లను పెంచండి. గ్యాదరర్ హట్‌లో నలుగురి వరకు పెట్టవచ్చు. అయితే చుట్టూ ముదురు అడవి ఉండాలి. ఇప్పపువ్వు ఏరినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, నిన్న నాటిన మొక్క కింద ఏమీ దొరకదు. ఫారెస్టర్‌ను పక్కనే పెట్టి, నరకడం ఆపి నాటడం మాత్రం ఉంచితే నాలుగైదేళ్ళలో ఆ చుట్టుపక్కల అడవి చిక్కబడుతుంది.

బడి గురించి కూడా అడిగారు. ఒక స్కూల్‌కు ఒక టీచర్, 20 మంది పిల్లలు. బడి తెరిచిన ఏడు కొత్త పనివాళ్ళు రారు, రావాల్సినవాళ్ళంతా బడిలో కూర్చుంటారు. అందుకే పిల్లలు తక్కువ ఉన్నప్పుడే, పది పన్నెండు మంది ఉన్నప్పుడే తెరవండి. చదువుకున్న కట్టెలవాడు దుంగకు 4 కట్టెలు చేస్తాడు, చదువులేనివాడు 3. వ్యాపారి పడవలో ఒక విత్తనం ఖరీదు 2500, కట్టె ఒక్కటి 4కు పోతుంది, కాబట్టి విత్తనానికి 625 కట్టెలు. చదువుంటే 157 దుంగలు, లేకపోతే 209. దీని గురించి వచ్చే పాఠంలో చెబుతాను.

ఇప్పటికే చెడిపోయిన సేవ్‌లు ఉన్నవాళ్ళకు. ముందు ప్రతి ఇంటి మీద నొక్కి నలభై లోపు ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో కాగితం మీద రాయండి. ముగ్గురు, నలుగురు ఉన్నా ఊరు బతుకుతుంది. వాళ్ళతో పాటు పెళ్ళి కావాల్సిన మగవాళ్ళూ ఉంటే వెంటనే అన్ని ఇళ్ళు కట్టండి, మిగతా పనులన్నీ ఆపి లేబరర్లను (కూలీలను) అటు తిప్పండి. ఇక్కడ మాత్రం ఒకేసారి కట్టడం తప్పు కాదు. ఒక్కరూ లేకపోతే టౌన్ హాల్ ఉంటేనే దారి: సంచారులు ఊళ్ళోకి వస్తామని అడుగుతారు, ఒప్పుకోండి. వాళ్ళు చదువులేనివాళ్ళు, రోగం కూడా తేవచ్చు, కాబట్టి హాస్పిటల్ ముందు కట్టి ఉంచండి. వచ్చినవాళ్ళు ఇరవై మంది అయితే ఏటా ఒక్కొక్కరికీ సుమారు 100 చొప్పున 2000 తిండి అదనం, గాదెలో అంత లేకపోతే కాదనండి. టౌన్ హాల్ లేదు, నలభై లోపువాళ్ళు లేరు అంటే ఆ ఊరిని వదిలి కొత్తది మొదలుపెట్టడమే మేలు.

అభ్యాసం. ఇది బరువైనది, అయినా చేయండి. ఒకే మ్యాప్ సీడ్‌తో (నేల రూపును నిర్ణయించే అంకెతో) రెండు ఊళ్ళు మొదలుపెట్టండి. మొదటి రెండేళ్ళు రెండింటిలోనూ ఒకేలా ఆడండి. మూడో ఏట మొదటి ఊళ్ళో 10 ఇళ్ళు ఒకేసారి కట్టి, తర్వాత పదేళ్ళు ఒక్కటీ కట్టకండి. రెండో ఊళ్ళో ఏటికి ఒకటి చొప్పున పదేళ్ళు కట్టండి. రెండింట్లోనూ కొత్త ఇళ్ళు పదే. ఒక నోటుబుక్కులో ఏటా లేట్ సమ్మర్‌లో నాలుగు అంకెలు రాయండి: పెద్దవాళ్ళు, విద్యార్థులు, పిల్లలు, గాదెలో తిండి. ఇరవై ఏళ్ళు నడపండి. 5 రెట్ల వేగం చాలు, 10 రెట్లలో చావులు కళ్ళకు ఆనవు. సాయంత్రం కరెంటు పోయే వేళకు ముందు సేవ్ చేసుకోండి.

మొదటి ఊరి నోటుబుక్కులో "పిల్లలు" వరసలో సున్నా మొదటిసారి ఏ ఏట పడిందో, జనాభా తగ్గడం ఏ ఏట మొదలైందో, ఈ రెండు సంవత్సరాలూ నాకు రాసి పంపండి. ఐదో పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.