సెల్లార్ గచ్చు మీద లామినేట్ పరిచే ముందు, పరిచేటప్పుడు

బెంగళూరులో ఏటవాలు స్థలాల్లో కట్టిన ఇళ్లకు సగం నేలలో దిగిన సెల్లార్ గది ఉండటం మామూలే. అక్కడి సిమెంటు గచ్చు మీద లామినేట్ పరచాలనుకునేవారు పలకల రంగు చూడటానికి ముందు గచ్చులోని చెమ్మను చూడాలి. పైకి కర్రలా కనిపించినా లామినేట్ లోపల ఉండేది చెక్క నారను జిగురుతో అదిమి చేసిన హెచ్‌డీఎఫ్ పలక. చెమ్మ పడితే దాని అంచులు ఉబ్బుతాయి, ఉబ్బినవి ఆరినా మునుపటిలా అణగవు.

పరీక్ష సులువైనది. మూరెడు చదరపు పారదర్శక పాలిథిన్ ముక్కను గచ్చు మీద పరిచి, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. రెండు రోజులు ఉంచితే ఇంకా మంచిది. షీటు అడుగున నీటి బొట్లు పట్టినా, గచ్చు నల్లబడినా చెమ్మ పైకి వస్తున్నట్టే. మూడు నాలుగు చోట్ల, ముఖ్యంగా బయటి గోడ పక్కన, సంపు ఉన్న వైపున తప్పక చూడాలి. మార్చిలో పొడిగా తేలిన గచ్చు సెప్టెంబరు, అక్టోబరు వానల తర్వాత వేరే మాట చెప్పవచ్చు కాబట్టి, నేనైతే వానలు వెలిసిన వెంటనే చేసిన పరీక్షనే నమ్ముతాను. చెమ్మ కనిపిస్తే సంపు గోడ, వాననీటి గొట్టాలు సరిచేయించాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ గదికి టైల్సే తగినవి.

గచ్చు పొడిగా ఉంటే రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని అటూ ఇటూ పెట్టి చూడాలి. దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉంటే మిట్టలను అరగదీయించి, పల్లాలను తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమంతో నింపి, అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఎత్తుపల్లాలను పలకల కింద వేసే ఫోమే సర్దుకుంటుందనే మాట వినవద్దు. నడిచినప్పుడల్లా పలక కిందికి పైకి ఆడి, చివరికి పలకలను ఒకదానికొకటి పట్టి ఉంచే అంచు లాకు విరుగుతుంది.

తర్వాత 200 మైక్రాన్ల పాలిథిన్ షీటును ఒకదానిపై ఒకటి 20 సెంటీమీటర్లు ఎక్కేలా పరిచి, అతుకులకు టేపు వేసి, గోడ మీదికి కాస్త ఎక్కించాలి. దానిపై వేసే 2, 3 మిల్లీమీటర్ల ఫోమ్ అంచులు మాత్రం పక్కపక్కనే ఆనాలి, ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు.

పలకల పెట్టెలను విప్పకుండా అదే గదిలో 48 గంటలు పడుకోబెట్టాలి. గది వెడల్పు ముందే కొలిచి, చివరి వరుస 5 సెంటీమీటర్ల కంటే సన్నగా మిగిలేట్టయితే మొదటి వరుసనే కొంత కోసుకోవాలి. గోడ చుట్టూ, గుమ్మాల దగ్గరా 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ తప్పనిసరి. తేమకు పలకలు సాగుతాయి, చోటు దొరకకపోతే గది నడుమ పైకి లేస్తాయి. వరుసల కొస అతుకులు 30 సెంటీమీటర్లయినా ఎడంగా పడాలి. లాకు బిగించేటప్పుడు సుత్తితో పలకను నేరుగా కొట్టక, మధ్యలో చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టాలి. గోడ అడుగున వేసే స్కర్టింగు పట్టీని గోడకే బిగించాలి; పలకకు మేకు వేస్తే వదిలిన ఖాళీకి అర్థం ఉండదు.

బకెట్టు నీళ్లు గుమ్మరించి కడిగే అలవాటు ఈ గదిలో పనికిరాదు. గట్టిగా పిండిన గుడ్డతోనే తుడవాలని ఇల్లు తుడిచేవారికి మొదటిరోజే చెప్పాలి.