గెస్ట్ వైఫై వాళ్లు అకౌంట్స్ కంప్యూటర్ల జోలికి రాకుండా ఏసీఎల్ పెట్టడం ఎలా?

గెస్టులకు వేరే వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) ఇచ్చేశాం, ఇక భయం లేదనుకునే ఆఫీసులు చాలా ఉన్నాయి. రెండు వీల్యాన్లూ ఒకే రూటర్‌కు వస్తున్నప్పుడు ఆ రూటరే వాటి మధ్య దారి వేసి పెడుతుంది. ఆ దారికి కాపలా యాక్సెస్ కంట్రోల్ లిస్ట్, అంటే ఏసీఎల్.

సిస్కో రూటర్, కన్సోల్ కేబుల్, సబ్‌నెట్లు (ఒక్కో వీల్యాన్ వాడే ఐపీ అడ్రసుల గుంపు) రాసుకున్న కాగితం చాలు. మన ఉదాహరణలో అకౌంట్స్ 192.168.10.0, గెస్టులు 192.168.30.0, రెండూ /24, అంటే మొదటి మూడు అంకెలు ఆ సబ్‌నెట్‌లో అందరికీ ఒకటే.

ముందు కాన్ఫిగ్ (రూటర్ సెట్టింగులు) సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. పొరపాటున మీ దారి మీరే మూసుకున్నా, 10 నిమిషాల్లో రూటర్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది.

తర్వాత 'ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ గెస్ట్-ఫిల్టర్' అని మొదలుపెట్టండి. 101, 102 అని నంబర్లు వాడకండి. ఆర్నెల్లయ్యాక 101 ఎందుకు రాశారో రాసినవాళ్లకే గుర్తుండదు. స్టాండర్డ్ ఏసీఎల్ అసలే వద్దు. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్క) ఎక్కడి నుంచి వచ్చిందో అది చూస్తుంది గానీ ఎక్కడికి పోతోందో చూడదు.

లిస్టులో మూడే లైన్లు, ఇదే వరుసలో:

పర్మిట్ యూడీపీ ఎనీ ఈక్యూ 68 ఎనీ ఈక్యూ 67
డినై ఐపీ 192.168.30.0 0.0.0.255 192.168.0.0 0.0.255.255
పర్మిట్ ఐపీ 192.168.30.0 0.0.0.255 ఎనీ

మొదటిది ఐపీ అడ్రస్ అడిగే ప్యాకెట్లను (డీహెచ్‌సీపీ) వదులుతుంది, అది లేకపోతే గెస్టులకు ఐపీ అడ్రసే రాదు. రెండోది 192.168తో మొదలయ్యే అడ్రసులన్నిటికీ గెస్టులను ఆపుతుంది, మూడోది మిగతా అన్నిటికీ వదులుతుంది. 0.0.0.255 లాంటిది వైల్డ్‌కార్డ్ మాస్క్: 0 ఉన్నచోట అంకె సరిగ్గా కలవాలి, 255 ఉన్నచోట ఏదైనా సరే. డీఎన్ఎస్ సర్వర్ (వెబ్‌సైట్ పేరుకు ఐపీ అడ్రస్ చెప్పేది) ఆఫీసులోనే ఉంటే, దాని 53 పోర్టుకు యూడీపీ, టీసీపీ (డేటా పంపే రెండు పద్ధతులు) పర్మిట్లు డినైకి పైన రాయాలి. రూటర్ పైనుంచి చదువుతూ మొదట కుదిరిన లైన్ దగ్గరే ఆగిపోతుంది.

ఇక అసలు చిక్కు, లిస్టును ఇంటర్‌ఫేస్‌కు తగిలించడం. 'ఇన్' పెట్టాలా, 'ఔట్' పెట్టాలా? రూటర్ లోపల మీరే కూర్చున్నారనుకుని చూడండి. గెస్ట్ ఫోన్ నుంచి వచ్చే ప్యాకెట్ మీ దగ్గరికి లోపలికి వస్తోంది. కాబట్టి గెస్టుల సబ్ ఇంటర్‌ఫేస్ (రూటర్ పోర్టులో ఆ వీల్యాన్‌కు కేటాయించిన భాగం) మీద 'ఐపీ యాక్సెస్-గ్రూప్ గెస్ట్-ఫిల్టర్ ఇన్'. గెస్టులు బయటికి పోతున్నారు కదా అని 'ఔట్' పెడతారు, అక్కడే మొత్తం చెడుతుంది.

ఎలా చెడుతుందో చూడండి. 'ఔట్'లో కనిపించేవి గెస్టుల వైపు వెళ్లే ప్యాకెట్లు. వాటి సోర్స్ 192.168.30 కాదు, అందుకే డినై లైనూ కుదరదు, చివరి పర్మిటూ కుదరదు. ఏసీఎల్ చివర కనిపించకుండా ఉండే 'డినై ఐపీ ఎనీ ఎనీ' వాటిని ఆపేస్తుంది, గెస్టులకు నెట్ పోతుంది. కానీ గెస్ట్ పంపిన ప్యాకెట్ మాత్రం అకౌంట్స్‌కు చేరుతూనే ఉంటుంది, జవాబు ఒక్కటే ఆగుతుంది.

నెట్ పోయిందని ఫోన్లు మొదలవుతాయి. ఆ టెన్షన్‌లో ఎవరో చివర 'పర్మిట్ ఐపీ ఎనీ ఎనీ' కలుపుతారు. నెట్ వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తలుపులు మాత్రం బార్లా తెరిచే ఉంటాయి. నేను సరిచేసిన వాటిలో ఎక్కువ భాగం ఇలా చెడినవే. ఆ లైన్ కలపాలనిపించినప్పుడల్లా ముందు దిశ చూసుకోండి.

గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్ నుంచి అకౌంట్స్ కంప్యూటర్‌కు పింగ్ (చేరుతుందో లేదో చూసే పరీక్ష) కొట్టి, 'షో యాక్సెస్-లిస్ట్స్' చూడండి. డినై లైన్ పక్కన, ఆ లైన్‌కు ఎన్ని ప్యాకెట్లు కుదిరాయో చూపే అంకె పెరగాలి. పెరగకపోతే పింగ్ వెళ్లకపోయినా నమ్మకండి, అది ఆ కంప్యూటర్ ఫైర్‌వాల్ పని కావచ్చు. అంకె పెరిగి, గెస్ట్ ఫోన్‌లో నెట్ కూడా వస్తుంటేనే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి కాన్ఫిగ్ సేవ్ చేయండి.