దేవుని ముందు పాపాన్ని దాచకుండా ఒప్పుకోవడం ఎలా?

ప్రభు బల్లకు, అంటే క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు ముందు, పాస్టరు గారు "ఎవరిని వారు పరీక్షించుకోండి" అంటారు. శ్రీకాకుళమైనా, బొబ్బిలైనా మనం చేసేది ఒకటే. కళ్లు మూసుకుని "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు" అనేస్తాం. అంతలో రొట్టె పళ్లెం మన వరసకు వచ్చేస్తుంది. ఆ ప్రార్థనలో మనం చేసిన పని ఒక్కటీ లేదు. అందుకే ముందు రోజు రాత్రి ఇంట్లో, ఫోను పక్కన పెట్టి, తీరిగ్గా కూర్చోండి.

మొదట మీ తప్పుల జాబితా రాయకండి. యెషయా 6వ అధ్యాయం చదవండి. దేవుని సింహాసనం దగ్గరుండే సెరాపులనే దూతలు "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అంటుంటే యెషయా ప్రవక్తకు తన పెదవుల అపవిత్రత కనబడింది. పక్కింటివాళ్లతో పోల్చుకున్నంతకాలం మనం ఫర్వాలేదనే అనిపిస్తుంది. దేవుణ్ణి చూశాకే మనమేమిటో తెలుస్తుంది.

ఆ తర్వాత, చేసిన పనిని దాని పేరుతో చెప్పండి. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. పలాసలో జీడిపిక్కలు కొనే వ్యాపారి "వ్యాపారంలో కొన్ని లోపాలు జరిగాయి ప్రభువా" అంటే సరిపోదు. "తరుగు పేరుతో బస్తాకు రెండు కిలోలు ఎక్కువ తీసుకున్నాను, ఉద్దానం రైతు దగ్గర దొంగిలించాను" అనాలి. "కోపమొచ్చింది" కాదు, "కోడలిని పదిమందిలో అవమానించాను". ఇక "కానీ" అనే మాట నోటికొస్తే అక్కడే ఆగిపోండి. దేవుని ఆజ్ఞ మీరిన సౌలు రాజు కూడా "పాపం చేశాను" అన్నాడు. అయితే జనానికి భయపడి చేశానన్నాడు, పెద్దల ముందు తన పరువు నిలపమని సమూయేలు ప్రవక్తను అడిగాడు. దావీదు రాజు ఊరియా భార్య బత్షెబతో పాపం చేసి, ఊరియాను చంపించాడు. నాతాను ప్రవక్త నిలదీసినప్పుడు మాత్రం ఊరియా మీదో, బత్షెబ మీదో నెపం వేయలేదు. యెహోవాకు విరోధంగా పాపం చేశానన్నాడు, అంతే. అతని 51వ కీర్తనను నెమ్మదిగా, మీ మాటగా చదవండి.

క్షమాపణ అడిగేటప్పుడు మీ కన్నీళ్లనో, ఉపవాసాన్నో చూపించకండి. క్రీస్తు రక్తాన్నే ఆధారం చేసుకోండి. ఒప్పుకుంటే క్షమిస్తాడని 1 యోహాను 1:9లో రాసి ఉంది. నమ్మండి.

తర్వాత లెక్క తేల్చుకోవాలి. కాజేసిన సొమ్ముకు ఐదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలని లేవీయకాండం 6వ అధ్యాయం చెబుతుంది. అంటే పదివేలకు 12,000. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య అయితే నాలుగింతలు ఇస్తానన్నాడు. ఒకేసారి ఇవ్వలేకపోతే అవతలివారి ఇంటికి వెళ్లి, ఎప్పటికి ఎంత ఇవ్వగలరో చెప్పండి. మాటతో గాయపరిస్తే నేరుగా వెళ్లి క్షమించమనండి, వాట్సాప్‌లో వద్దు.

మీరు ఒక్కరే మానుకోలేని పాపమైతే నోరు జారని ఒక విశ్వాసికి చెప్పుకోండి. కతోలికులు పాపసంకీర్తనంలో (కన్ఫెషన్‌లో) గురువుకు, అంటే ఫాదర్‌కు, చెప్పుకుంటారు. సాక్ష్యం పేరుతో ప్రార్థన కూటంలో ఇతరుల పేర్లు మాత్రం బయటపెట్టకండి. ఒక బిడ్డకో, స్త్రీకో హాని జరిగిన విషయమైతే ప్రార్థనతో సరిపెట్టకూడదు, పోలీసులకు చెప్పాల్సిందే.

కొన్నాళ్లకు అదే జ్ఞాపకం వచ్చి టెన్షన్ పెడితే మళ్లీ మొదటినుంచి ఒప్పుకోనక్కర్లేదు, 32వ కీర్తన గొంతెత్తి చదవండి. అదే పాపం మళ్లీ చేస్తే మాత్రం ఆ రోజే మోకరించండి.