జర్మనీకి ఇంటి సామాను పంపుతున్నారా? వీసా వచ్చిందని తొందరపడకండి

వీసా స్టాంపు పడగానే చాలామంది మొదట చేసే పని ప్యాకర్స్‌కి ఫోన్ చేయడం. నెలాఖరుకి అద్దె ఇల్లు ఖాళీ చేయాలి, తాళాలు ఇస్తేగానీ ఓనరు అడ్వాన్స్ ఇవ్వడు, టికెట్లు బుక్ అయిపోయాయి, సామాను కూడా ఎక్కించేస్తే ఒక పని వదులుతుంది అనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. అక్కడ మీ అడ్రస్ రిజిస్ట్రేషన్ ఎప్పటికి అవుతుందో ముందు అంచనా వేసుకుని, దాని నుంచి వెనక్కి లెక్కేసి లోడింగ్ తేదీ పెట్టుకోండి.

ఎందుకంటే వాడిన ఇంటి సామానుకి సుంకం మినహాయింపు ఇచ్చేది జర్మనీ కస్టమ్స్, వీసా ఇచ్చినవాళ్లు కాదు. మీరు అంతకుముందు కనీసం 12 నెలలు వరుసగా యూరోపియన్ యూనియన్ బయట ఉండాలి, ఆ వస్తువులు కనీసం 6 నెలలు మీరు వాడినవై ఉండాలి, అక్కడ స్థిరపడిన 12 నెలల్లోపు వాటిని దిగుమతి చేసుకోవాలి. స్థిరపడ్డారని చూపించే ముఖ్యమైన కాగితం అన్‌మెల్డుంగ్, అంటే మున్సిపల్ ఆఫీసులో చేసే అడ్రస్ నమోదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అది చేయించుకోవాలి, దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన పత్రం కావాలి. చిక్కు ఇక్కడే. మొదటి నెలకని తీసుకునే సర్వీస్ అపార్ట్‌మెంట్లలో కొన్ని ఆ పత్రం ఇవ్వవు. చేతిలో వీసా ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, అడ్రస్ ఉండదు, కంటైనర్ మాత్రం హాంబర్గ్‌లో దిగి ఉంటుంది. పోర్టులో ఉచితంగా ఉంచేది కొన్ని రోజులే, ఆ తర్వాత అద్దె యూరోల్లో పడుతుంది. మినహాయింపు రాకపోతే సుంకం, సామాను విలువా సుంకమూ కలిపిన మొత్తం మీద 19 శాతం పన్ను కూడా కట్టాలి.

ముందే పంపే దారి లేకపోలేదు. ఆరు నెలల్లోపు వచ్చి స్థిరపడతానని రాసిచ్చి, కస్టమ్స్ అడిగిన గ్యారంటీ కడితే ఒప్పుకుంటారు. కానీ కొత్త దేశంలో అడుగు పెట్టకముందే డబ్బు అలా ఇరికించుకోవడం నాకైతే నచ్చదు. దానికంటే ఇక్కడే ఒక నెల గోడౌన్ అద్దె కట్టుకోవడమో, అత్తగారింట్లో ఒక గది నింపేయడమో చాలా చవక. మినహాయింపు ఒకే విడతకి పరిమితం కాదు, ఆ 12 నెలల్లో రెండు మూడు విడతలుగా కూడా పంపుకోవచ్చు. కాబట్టి ఒకరు ముందు వెళ్లి, భార్యాపిల్లలు ఫ్యామిలీ వీసా మీద తర్వాత వెళ్తున్నట్లయితే అంతా ఒకేసారి తోసేయక్కర్లేదు.

ప్రయాణ సమయం కూడా ఉదారంగా లెక్కేయండి. హైదరాబాద్ సనత్‌నగర్ కంటైనర్ డిపోలో లోడ్ అయిన కంటైనర్ రైల్లో ముంబై దగ్గరి నవాషేవా చేరి, అక్కడ ఓడ ఎక్కుతుంది. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, ప్రయాణం పది రోజుల పైనే పెరిగింది. మీ ఓడ ఏ దారిన వెళ్తుందో బుకింగ్‌కి ముందే అడగండి. వేరేవాళ్లతో కలిపి పంపే సామానైతే కంటైనర్ నిండేదాకా ఆగాలి కూడా.

ఇక ప్యాకింగ్ లిస్టు. "కార్టన్ 14, వంట సామాను" అని రాసి వదిలేస్తే ఒప్పుకోకండి. "కార్టన్ 14: స్టీలు గిన్నెలు 12, ఇడ్లీ కుక్కరు 1, మిక్సీ 1, అన్నీ వాడినవి" అని ఉండాలి. వెళ్లేముందు కొత్త గ్రైండరు, కొత్త కుక్కరు కొనే అలవాటు మనకుంది కదా, అవి ఆరు నెలల లెక్కలోకి రావు. కంపెనీ అట్టపెట్టెలో సీలుతో కనిపిస్తే అనుమానం ఖాయం. విమానంలో తీసుకెళ్లినా పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 430 యూరోల విలువ వరకే మినహాయింపు.

పేరు విషయం మనవాళ్లకి మరీ ముఖ్యం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ప్యాకర్స్ వాళ్లు మాత్రం ఇనీషియల్ వేసి బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడలో సరుకు ఎక్కించినట్టు చూపే పత్రం, తయారు చేయిస్తారు. డ్రాఫ్ట్ పంపమని అడిగి, అక్షరం అక్షరం పాస్‌పోర్టుతో సరిచూడండి, ఓడ కదిలాక మార్పించడం పెద్ద తలనొప్పి.

నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టెల్లో దూర్చకండి. పాలు, మాంసం పదార్థాలకి అక్కడ నిషేధం ఉంది, ఒక్క సీసా కోసం మొత్తం సామాను ఆగుతుంది. చెక్క పెట్టెలు కట్టిస్తే ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారని చూపే అంతర్జాతీయ గుర్తు) ఉందో లేదో చూడండి.

పిల్లల బడి కోసం చాలామంది జూన్, జూలైలో కదులుతారు, సరిగ్గా మన వానల్లో. పరుపులు, బట్టలు తడిగాలి పట్టి కంటైనర్‌లో నెలల తరబడి ఉంటే బూజు పడతాయి. వాన పడుతుంటే లోడింగ్ ఆపించండి, వాళ్లు విసుక్కున్నా సరే.

పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, డిగ్రీ ఒరిజినల్స్, బంగారం మీ చేతి బ్యాగులోనే ఉండాలి. రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్ సామాను కంటే ముందే రావచ్చు, ఆ రోజు అడిగేవి ఆ కాగితాలే. ప్యాకర్స్ వచ్చే ముందు రోజే ఆ ఫైలు తీసి వేరే ఇంట్లో పెట్టేయండి.