చిన్న యూనివర్సిటీలో సీఎస్‌ఈ చదువుతూ బెంగళూరులో ఉద్యోగం తెచ్చుకోవడం ఎలా

నేను బెంగళూరు శివార్లలో ఒక చిన్న ప్రైవేట్ యూనివర్సిటీలో చదివాను. నాలుగేళ్లలో మా క్యాంపస్‌కి వచ్చినవి రెండు మూడు సర్వీస్ కంపెనీలు, జీతం ఏడాదికి మూడున్నర లక్షల దగ్గర, అదీ అందరికీ రాలేదు. మీదీ అలాంటి కాలేజీ అయితే కంపెనీ మన గుమ్మంలోకి రాదనే అనుకుని మొదటి ఏడాది నుంచే పని మొదలుపెట్టండి.

ముందు మార్కుల సంగతి. చాలా సర్వీస్ కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం అడుగుతాయి, బ్యాక్‌లాగ్స్ (పాసవ్వని సబ్జెక్టులు) ఉంటే పరీక్షకే కూర్చోనివ్వవు. ఆ గీత దాటండి చాలు, 9 సీజీపీఏ కోసం నిద్ర మానుకోవద్దు.

డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు), నెట్‌వర్క్స్, ఈ నాలుగూ మాత్రం గట్టిగా రావాలి. మీ సార్ నోట్స్ చదివి వెళ్లిపోతుంటే ఎన్‌పీటీఈఎల్ చూడండి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఇదే చదువు ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షకీ పనికొస్తుంది. మూడో ఏడాదిలోనే గేట్ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, మంచి ర్యాంకు వస్తే ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో ఎంటెక్ సీటు దొరుకుతుంది.

అసలు సంగతి ప్రాజెక్ట్. ఫైనల్ ఇయర్‌లో ప్రాజెక్ట్ సెంటర్‌కి డబ్బు కట్టి కొనుక్కురావద్దు, దయచేసి. నేనుండే మారతహళ్లి పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్)లో ఓనర్ ఆంటీ అద్దెల లెక్కంతా ఒక పొడుగాటి పుస్తకంలో రాసేవారు, ఎవరు కట్టారు, ఎవరు సగమే కట్టారు అని ప్రతి నెలా గంటల తరబడి వెతుక్కునేవారు. దానికి ఒక చిన్న వెబ్ యాప్ రాశాను. మొదటి నెలలోనే ఒక కుర్రాడి అద్దె రెండుసార్లు పడింది, నెట్ స్లోగా ఉండి ఆవిడ బటన్ రెండుసార్లు నొక్కారు. ఒకసారి నొక్కగానే బటన్ పనిచేయకుండా చేశాను, కానీ వాళ్లబ్బాయి తన ఫోన్లోంచి అదే ఎంట్రీ వేసేసరికి మళ్లీ మొదటికొచ్చింది. చివరికి డేటాబేస్‌లో రసీదు నంబరు మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్, అంటే ఒకే నంబరు రెండోసారి పడనివ్వని నియమం, పెడితే ఆగింది. ఇంటర్వ్యూలో అరగంట పైగా దీని మీదే అడిగారు. 'మనిషి, నెల మీద పెట్టొచ్చుగా, రసీదు నంబరు ఎందుకు' అన్నారు. సగం సగం కట్టేవాళ్లకి ఒకే నెలలో రెండు రసీదులు ఉంటాయి సార్, అన్నాను. కొన్న ప్రాజెక్ట్‌తో ఆ జవాబు రాదు. మీ చుట్టూ కిరాణా కొట్టో, మెస్సో, ట్యూషనో ఏదో ఒకటి ఉంటుంది, వాళ్ల కష్టం ఒకటి పట్టుకుని కోడ్ రాయండి, రాసిందంతా గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని అందరికీ చూపించే వెబ్‌సైట్) పెట్టండి.

తర్వాత రెఫరల్, అంటే కంపెనీలో పనిచేసేవాళ్లు మన పేరు సిఫారసు చేయడం. సీనియర్‌కి 'అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడు' అని పంపితే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? వాళ్ల కంపెనీ కెరీర్ పేజీలో మీకు సరిపోయే ఉద్యోగం మీరే వెతికి, జాబ్ ఐడీ, ఒక్క పేజీ రెజ్యూమె, మీ ప్రాజెక్ట్ గురించి రెండు లైన్లు కలిపి పంపండి. శనివారాల్లో కోరమంగళ, హెచ్‌ఎస్‌ఆర్ వైపు మీటప్‌లు జరుగుతుంటాయి, చాలావాటికి టికెట్ ఉండదు. వెళ్లండి, ఇంగ్లీష్ తడబడినా ఫరవాలేదు, అక్కడ తెలుగువాళ్లు తప్పకుండా తగులుతారు.

ఆరు నెలలు ఖాళీగా గడిస్తే ఇంట్లో టెన్షన్, బంధువుల ఫోన్లు, అప్పుడే ఎవడో ఒకడు వస్తాడు, రెండు లక్షలిస్తే బ్యాక్‌డోర్ ఉద్యోగమనో, మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెడతాననో. ఒప్పుకోవద్దు. పీఎఫ్ ఖాతాకి ఇచ్చే యూఏఎన్ నంబరులో ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో కనిపిస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది. దానికన్నా ఏదైనా చిన్న స్టార్టప్‌లో తక్కువ స్టైపెండ్‌కైనా ఇంటర్న్‌గా చేరండి, ఆఫర్ లెటర్ చేతికి తీసుకుని, బాండ్ ఉంటే అందులో ఎన్నేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అనేది చదివాకే సంతకం పెట్టండి.